కడప వెళ్తూ నల్లమల మీద నుంచి తిరిగొచ్చేశాను, అసలు ఎక్కడ తిరగాల్సింది?

బేగంపేట172:

అందరికీ నమస్తే. నాకు ఇప్పటికి 118 గంటలు అయ్యాయి, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) కోసం మిగతా గంటలు పూర్తి చేసుకుంటున్నాను. పోయిన గురువారం సెస్నా 172 చిన్న విమానంలో ఒక్కడినే 300 నాటికల్ మైళ్ల సోలో క్రాస్‌కంట్రీకి బయల్దేరి సగం దారిలో వెనక్కి వచ్చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి చెప్పండి.

ప్లాన్ ఏంటంటే బేగంపేట నుంచి కడప, అక్కడ దిగి మళ్లీ లేచి కర్నూలు ఓర్వకల్లులో ఇంకో ల్యాండింగ్, అక్కడి నుంచి ఇంటికి. ఉదయం ఇక్కడ మేఘాలు 2800 అడుగుల్లో ఉన్నాయి, కింద అంతా శుభ్రంగా ఉంది. కడప వెదర్ కూడా తీసుకున్నాను, విజిబిలిటీ 6 కిలోమీటర్లు, 2500 అడుగుల్లో బ్రోకెన్, అంటే ఆకాశంలో సగానికి పైగా మేఘాలు. రెండు చోట్లా కళ్లతో బయటికి చూస్తూ ఎగిరే వీఎఫ్ఆర్‌కి సరిపోతుంది కదా అనుకున్నాను. 5500 అడుగుల్లో వెళ్లాలని రాసుకున్నా, మేఘాల వల్ల కుదరదని బయల్దేరే ముందే తేలిపోయింది, 3500కి మార్చుకుని వెళ్లాను.

కృష్ణ దాకా ఏ ఇబ్బందీ లేదు. నాగర్‌కర్నూల్, తర్వాత కొల్లాపూర్ కుడివైపు దూరంగా వదిలేసి సుమారు యాభై నిమిషాలకు శ్రీశైలం బ్యాక్‌వాటర్ మీదికి వచ్చాను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, కింద బోలెడంత ఖాళీ కనిపించింది, చాలా రిలాక్స్‌గా ఫీలయ్యాను. ముందు మాత్రం మబ్బు కొంచెం కిందికి దిగినట్టుంది. 3500 నుంచి 3100కి దిగాను. నది దాటాక ఒక జల్లు. విండ్‌షీల్డ్ మీద చుక్కలు చీమల్లాగా పైకి పాకుతున్నాయి. అది దాటితే బాగుంటుందనుకున్నా, నిజంగానే రెండు నిమిషాలు బాగానే ఉంది. మళ్లీ జల్లు, ఈసారి 2700. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు, రెండుసార్లు పిలిచినా జవాబు రాలేదు. దిగిన ప్రతిసారీ రెండు మూడు వందల అడుగులే కదా, తగ్గించినట్టే అనిపించలేదు.

తర్వాత ఎదురుగా ఉన్న తెల్లటి తెరలో ఒక ముదురు గీత కనిపించింది. ఇంకో మబ్బు అనుకున్నాను. ఒకటి రెండు సెకన్లు చూశాక దాంట్లో చెట్లు కనిపించాయి. చెట్ల పైభాగం మబ్బులో ఉంది. కుడివైపు గట్టిగా తిప్పేశాను, ఎంత బ్యాంక్ వేశానో (రెక్క ఎంత వంచానో) నాకే తెలియదు, రెక్కలు గాలి పట్టు కోల్పోబోతున్నాయని హెచ్చరించే స్టాల్ హారన్ కీచుమంది, విమానం ముక్కు కొంచెం కిందికి వదిలి పవర్ పూర్తిగా ఇచ్చాను. అంతే. వెనక్కి తిరిగి చూస్తే నది వైపు వెలుతురు ఉంది, దాన్ని పట్టుకుని వచ్చేశాను.

దిగాక అకాడమీలో ఒక ఇన్‌స్ట్రక్టర్ "కడప ఓపెన్‌గానే ఉంది, ఇంకో పదిహేను నిమిషాలు ఓపిక పడితే దాటేసేవాడివి" అన్నారు. బ్యాచ్‌మేట్స్ కూడా అదే మాట. డబ్బు పోయింది, ఎక్సర్‌సైజ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. నాన్న లోన్ తీసుకుని కడుతున్నారు, ఆ బాధ ఒకటి. కానీ నన్ను తినేస్తున్నది వేరే. తిరగడం తప్పు కాదని నాకు తెలుసు. ఎక్కడ తిరగాల్సిందో మాత్రం అర్థం కావట్లేదు, ఎందుకంటే ఆ చెట్లు కనపడే దాకా అంతా "ఇప్పటికి పర్లేదు" అనే అనిపించింది. ఆ రాత్రంతా నిద్ర లేదు.

పాతలాగ్‌బుక్:

బాబూ, ముందు ఒక మాట. నువ్వు ప్రాణాలతో వచ్చి ఇది రాస్తున్నావు, ఫ్లైయింగ్‌లో డబ్బు లెక్క దీని తర్వాతే. ముప్పై ఏళ్లుగా స్టూడెంట్లతో ఎగురుతున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతా.

నీ ఇబ్బంది గాల్లో మొదలవలేదు, నేల మీద వెదర్ చదివినప్పుడే మొదలైంది. కడపలో మేఘాలు 2500 అన్నారు. ఎక్కడి నుంచి 2500? ఆ ఏరోడ్రోమ్ నేల నుంచి. కడప ఊరు సముద్ర మట్టానికి సుమారు 450 అడుగుల ఎత్తులోనే ఉంది, అంటే నీ ఆల్టిమీటర్ లెక్కలో ఆ మేఘాల అడుగు 2950. బేగంపేట 1742 అడుగుల మీద ఉంది కాబట్టి ఇక్కడి 2800 అంటే దాదాపు 4550. చూడటానికి రెండు రిపోర్టులూ ఒకేలా ఉన్నాయి, అసలు తేడా 1600 అడుగులు. నీ పైకప్పు దక్షిణానికి పోయేకొద్దీ కిందికి వాలుతోంది. ఇప్పుడు నల్లమలలో ఎత్తయిన గుట్టలు ఎంత ఉంటాయో మ్యాప్‌లో చూడు, 3000 అడుగుల దగ్గర ఉంటాయి. ఇంజన్ స్టార్ట్ చేయకముందే కాగితం మీద తెలిసిపోయే విషయం ఇది: ఆ దారిలో కొండలూ మేఘాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కడప ఓపెన్, హైదరాబాద్ ఓపెన్, మధ్యలో తలుపు మూత. మధ్యలో వెదర్ రిపోర్ట్ ఇచ్చే స్టేషన్ లేదు కాబట్టి ఆ లెక్క నువ్వే వేసుకోవాలి.

దాని మీద ఇంకోటి. ఈ సీజన్‌లో గాలి పడమర నుంచి వస్తుంది, నల్లమల వరసలు ఎక్కువగా ఉత్తరం దక్షిణంగా పడి ఉంటాయి. తేమ గాలి వచ్చి కొండకు తగిలి పైకి ఎక్కుతుంది, ఎక్కే గాలి వెయ్యి అడుగులకు 3 డిగ్రీల లెక్కన చల్లబడుతుంది, మైదానం మీద కన్నా కిందనే మేఘం కడుతుంది. నీ ట్రాక్ సరిగ్గా ఆ పడమటి అంచు మీదుగా పోతోంది. గ్రౌండ్ మీద టెంపరేచర్‌కీ తేమ నీటి చుక్కలయ్యే డ్యూ పాయింట్‌కీ తేడా చూసే అలవాటు ఉందా? ఒక్కో డిగ్రీకి 400 అడుగులు వేసుకో. టెంపరేచర్ 28, డ్యూ పాయింట్ 25 ఉంటే మూడు నాలుగులు, 1200 అడుగుల్లో మేఘం కట్టేసినట్టే.

ఇక నీ ప్రశ్న. ఎక్కడ తిరగాలి? కృష్ణ మీద. 3500 నుంచి 3100కి చెయ్యి కదిలిన క్షణంలో. అప్పటికే 5500 నుంచి 3500కి ఒకసారి తగ్గావు, మేఘం నిన్ను రెండోసారి కిందికి తోసిందంటే అది ఇక నువ్వు వేసుకున్న ప్లాన్ కాదు. అక్కడ నీకు బోలెడంత ఖాళీ కనిపించింది అన్నావు చూడు, ఆ ఖాళీయే మోసం. శ్రీశైలం రిజర్వాయర్ పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 3500లో ఉన్న నీకు కింద 2600 అడుగులు దొరికాయి, అంతకుముందు హైదరాబాద్ చుట్టుపక్కల దొరికింది 1500, 1700. కాబట్టి దిగడం హాయిగా అనిపించింది. నది దాటగానే నేల మళ్లీ లేస్తుంది, అప్పటికి నువ్వు కిందికి దిగి ఉన్నావు.

నా స్టూడెంట్లతో నీబోర్డ్ (తొడకు కట్టుకునే రాతపలక) మీద పైనే రెండు అంకెలు రాయిస్తాను, ఇంత ఎత్తు కన్నా కిందికి దిగను, ఇంత కన్నా తక్కువ కనిపిస్తే ముందుకు పోను అని. నేల మీద ప్రశాంతంగా కూర్చుని పెద్ద అక్షరాలతో రాసిన అంకె గాల్లో మనసు మార్చుకోదు. నీ మనసు మార్చుకుంటుంది, నాదీ మార్చుకుంటుంది.

రైట్‌సీట్:

బ్రో, తిరిగి రావడం మంచిదే, కానీ నాకు ఒక డౌట్. కొండ కనపడగానే పవర్ ఇచ్చి స్ట్రెయిట్‌గా మేఘంలోకి క్లైంబ్ చేస్తే 4000, 5000 దాటాక టెరైన్ నుంచి సేఫే కదా? 118 గంటల్లో హుడ్ కింద, అంటే బయట కనపడకుండా పరికరాలు చూస్తూ ఎగరడం, కొంచెం చేసే ఉంటావు. పైకి వెళ్లి రేడియో కాంటాక్ట్ దొరకబుచ్చుకుని హెల్ప్ అడగొచ్చు. ఆ ఎత్తులో రేడియో కూడా అందుతుంది. నేను ఇప్పుడు జెట్ మీద ఉన్నాను కాబట్టి అలా అనిపిస్తోందేమో తెలియదు.

కొండగాలి:

తమ్ముడూ, నేను దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయినే, పన్నెండేళ్లుగా కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో చిన్న విమానాలు నడుపుతున్నాను. ఇక్కడ మౌంటెన్ ఫ్లైయింగ్ అని విడిగా నేర్పిస్తారు. నీ పోస్ట్‌లో "కుడివైపు గట్టిగా తిప్పేశాను" దగ్గర ఆగిపోయాను, ఒళ్లు జలదరించింది. పాతలాగ్‌బుక్ గారు ఎప్పుడు తిరగాలో చెప్పారు, నేను ఎలా తిరగాలో చెబుతాను.

స్పీడ్ ముందే తగ్గించు. వెదర్ చెడిపోతుంటే మనకు తెలియకుండానే స్పీడ్ పెంచేస్తాం, త్వరగా దాటేద్దామని. చేయాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. 100 నాట్ల దగ్గర 30 డిగ్రీల బ్యాంక్‌తో వెనక్కి తిరగాలంటే దాదాపు 3000 అడుగుల వెడల్పు కావాలి. 70 నాట్లకు తగ్గి 10 డిగ్రీల ఫ్లాప్స్ (రెక్క వెనక కిందికి దిగే పలకలు) వేసుకుని అదే బ్యాంక్ వేస్తే 1500 చాలు. సగం. చాలా లోయల్లో బతకడానికీ బతక్కపోవడానికీ మధ్య ఉన్నది ఆ సగమే. నువ్వు స్పీడ్ మీద ఉండి, చోటు లేక బ్యాంక్ పెంచావు, అందుకే హారన్ మోగింది. 60 డిగ్రీల బ్యాంక్‌లో ఎత్తు నిలబెట్టుకోవాలని లాగితే విమానం మీద బరువు రెండింతలవుతుంది, స్టాల్ స్పీడ్ 41 శాతం పెరుగుతుంది, 50 దగ్గర స్టాల్ అయ్యే సెస్నా 70 దగ్గరే అవుతుంది. ముక్కు వదలడం నీకు ఎవరు నేర్పారో గానీ వాళ్లకు స్వీట్లు ఇవ్వు.

రెండోది, లోయలో గానీ కొండ వరస పక్కన గానీ ఎప్పుడూ మధ్యలో ఎగరకు. మధ్యలో ఉంటే రెండు వైపులా సగం సగమే చోటు. ఒక పక్కకు జరిగి ఉంటే తిరగడానికి మొత్తం వెడల్పు నీదే. గాలి కొండను ఎక్కుతున్న పక్కన ఉంటే నిన్నూ పైకి ఎత్తుతుంది. అవతలి పక్కన, అంటే గాలి కొండ దాటి కిందికి జారే చోట, నీ 172 ఎంత ఎక్కాలని చూసినా కిందికే పోవచ్చు. పడమటి గాలిలో నల్లమలకు తూర్పు పక్క అలాంటిది, అటువైపు దాటి ఉంటే ఇంకోలా ఉండేది.

మూడోది, గట్టు దాటాల్సి వస్తే దానికి ఎదురుగా నేరుగా వెళ్లకు, 45 డిగ్రీల కోణంలో వెళ్లు. అవతల బాగా లేకపోతే కొంచెం తిరిగితే చాలు, కిందికి పోయే నేల వైపు వచ్చేస్తావు. కనీసం వెయ్యి అడుగుల పైన దాటు. గట్టు మీద గాలి 25 నాట్లు దాటితే ఆ రోజు ఇంట్లో ఉండు.

ఇక్కడ హోప్ నుంచి మెరిట్ వైపు కొక్విహల్లా అని ఒక కనుమ ఉంది, హైవే దాని గుండా పోతుంది, పైభాగం 1244 మీటర్లు. రోడ్డు పట్టుకుని పోవచ్చులే అని చిన్న విమానాల వాళ్లు అందులో దూరతారు. నా రెండో ఏడాదిలో నేనూ దూరాను. రోడ్డు మీద లారీల హెడ్‌లైట్లు కనిపిస్తూనే ఉన్నాయి, కాబట్టి అంతా బాగుందనుకున్నాను. ఒక మలుపు తిరిగాక లారీలు ఉన్నాయి గానీ వాటి లైట్లు పైకి ఎక్కుతూ మేఘంలోకి మాయమవుతున్నాయి. రోడ్డు ఎక్కుతోందనీ, నేను ఎక్కట్లేదనీ అప్పుడు అర్థమైంది. అప్పటికే ఒక పక్కకు జరిగి 75 నాట్లలో ఉన్నాను కాబట్టి మామూలు టర్న్‌తో వెనక్కి వచ్చాను. దిగాక అరగంట కాక్‌పిట్‌లోంచి లేవలేదు.

పాతలాగ్‌బుక్:

రైట్‌సీట్, నీ ప్రశ్న మంచిదే, చాలామంది కుర్రాళ్ల మనసులో ఉన్నదే. కానీ ఆ సలహా ఇంకో స్టూడెంట్ చదివి పాటిస్తాడేమోనని భయంగా ఉంది, అందుకని వెంటనే రాస్తున్నాను.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ లేని ఇరవై మందిని తీసుకుని, బయట ఏమీ కనపడకుండా చేసి, ఎంతసేపు నిలబడతారో చూశారు. ఇరవైకి ఇరవై మందీ విమానం అదుపు తప్పించారు. కొందరు 20 సెకన్లకే, బాగా నిలబడ్డవాడు 480 సెకన్లు. సగటు 178. మూడు నిమిషాలు కూడా కాదు. అదీ ప్రయోగమని తెలిసి, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా.

చెవి లోపల మూడు సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం. తిరగడం మొదలుపెట్టినప్పుడు అది కదిలి మనకు చెబుతుంది. అదే టర్న్ పది ఇరవై సెకన్లు సాగితే ద్రవం కూడా గొట్టంతో కలిసిపోయి ఊరుకుంటుంది, ఇక తిరుగుతున్నట్టే తెలియదు. విమానం వంగి కిందికి జారుతుంటుంది, ఒళ్లు మాత్రం తిన్నగా ఉన్నావంటుంది. స్పీడ్ పెరిగిందని యోక్ (స్టీరింగ్) లాగుతావు, టర్న్ ఇంకా బిగుస్తుంది. హుడ్ కింద పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని ఐదు గంటలు చేయడం వేరు, కొండ కనపడిన షాక్‌లో, కుదుపుల్లో, రేడియో లేకుండా ఒంటరిగా చేయడం వేరు.

పైగా ఎక్కితే ఎక్కడికి? 172 పూర్తి పవర్ మీద కూడా నిమిషానికి ఐదారు వందల అడుగులు ఎక్కితే గొప్ప, ఆ నిమిషంలో ముందుకు మైలున్నర పోతుంది. ఎదురుగా ఉన్నది కొండ. ఇక రుతుపవనాల్లో ఉరుముల మేఘం, క్యుములోనింబస్, 40 వేల అడుగులు దాటి పోతుంది, దాని పొట్టలోకి చిన్న విమానంతో దూరమని నేను ఎవరికీ చెప్పను. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండి, ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేసుకుని, మొదటి నుంచీ సేఫ్ ఆల్టిట్యూడ్‌లో పోతే అది వేరే ఫ్లైట్. కింద తోవ మూసుకుపోయాక పైకి దూకడం ఆ ఫ్లైట్ కాదు.

కొండలే ఉండాలని కూడా లేదు. 2019 అక్టోబర్ 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర సెస్నా 172 కూలి ఇద్దరు ట్రైనీలు పోయారు, అప్పుడు అక్కడ వాన. ఆ వార్త విన్న సాయంత్రం నేను క్లాసు తీసుకోలేకపోయాను.

రైట్‌సీట్:

అర్థమైంది సార్. జెట్‌లో రెండో పైలట్, రాడార్, పవర్ అన్నీ ఉండి ఆలోచించే అలవాటుతో రాశాను. నా పోస్ట్ చూసి ఎవరూ అలా చేయొద్దు.

ఆత్మకూరోడు:

నేను పైలట్‌ను కాదు, ఉప్పల్‌లో ఉంటాను, మాది కర్నూలు వైపు ఆత్మకూరు. మీరు చెప్పే ఆ నది దాటిన చోటు మా ఊరి పైనే. టైటిల్‌లో నల్లమల అని చూసి చదివాను.

ఆగస్టు సెప్టెంబర్‌లో మా ఇంటి మిద్దె మీద నుంచి చూస్తే తూర్పున కొండ సగం నుంచి పైకి ఉండదు. మా దగ్గర ఎండ కూడా కాస్తుంది, పొలంలో మందు కొడుతుంటారు, కొండ మీద మాత్రం తెల్లగా దుప్పటి కప్పినట్టు. మధ్యాహ్నం ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి మూడు రోజులైనా లేవదు. మా తాత దాన్ని చూసి, కొండ ముసుగేసింది, ఈ రోజు అడవికి పోయేది లేదు అనేవాడు. నడిచిపోయే వాళ్లకే దారి తెలియదు అందులో.

2009 సెప్టెంబర్ 2 అలాంటి రోజే. పొద్దున 8:38కి బేగంపేట నుంచే లేచింది ఆ హెలికాప్టర్, చిత్తూరు జిల్లాకు. రెండు ఇంజన్ల బెల్ 430, ఇద్దరు పైలట్లు, అందులో ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఆ రోజు మా ఊళ్లో ఎవరూ టీవీ ముందు నుంచి కదల్లేదు, మగవాళ్లు కొందరు వానలోనే అడవిలోకి పోయారు. మర్నాడు ఉదయం ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లకు పావురాలగుట్ట దగ్గర కనపడేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. అంత పెద్దవాళ్లు వెళ్తున్నా, రాష్ట్రం మొత్తం వెతుకుతున్నా దాదాపు ఒక రోజు పట్టింది. తమ్ముడూ, నువ్వు ఒక్కడివే ఉన్నావు, రేడియో పలకట్లేదు. ఆ మాట చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఒక్కటి అడుగుతాను, తెలియక. మా ఊరికి పడమర అంతా చదునే కదా, నంద్యాల దాకా పొలాలే. అటు నుంచి పోకూడదా మీరు?

పాతలాగ్‌బుక్:

పోవచ్చు, పోవాలి కూడా. నల్లమలకూ ఎర్రమలకూ మధ్య ఆ మైదానం ఉంది, ట్రాక్‌ను పది పదిహేను మైళ్లు కుడికి జరుపుకుంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. కింద రోడ్డు, రైలు పట్టాలు, దిగాల్సి వస్తే పొలాలు, పక్కనే ఓర్వకల్లు రన్‌వే. మ్యాప్ మీద స్కేల్ పెట్టి గీసిన గీత తిన్నగా ఉంటుందని దాని మీదే పోవాలని ఎక్కడా లేదు. ఆత్మకూరు వాళ్లకు తెలిసింది మా బ్రీఫింగ్ రూములో ఎవరూ చెప్పకపోవడం బాధగా ఉంది.

బేగంపేట172:

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. కొండగాలి అక్కా, పాతలాగ్‌బుక్ సార్, మీ లెక్కలు వేసి చూశాను. 1500 మీటర్లే కనిపిస్తున్నప్పుడు 105 నాట్లలో నాకు ఉన్నది 28 సెకన్లు. అందులో రెండు మూడు సెకన్లు "అది మబ్బేలే" అనుకుంటూ పోయాయి.

నిన్న చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను, హారన్ సంగతి కూడా. ఆయన తిట్టలేదు. ఇదే దారి ముందు ఆయనతో కలిసి డ్యూయల్‌గా వెళ్దామన్నారు, స్లో స్పీడ్ టర్న్స్ కూడా చేయిస్తానన్నారు. కొత్త ట్రాక్ నందికొట్కూరు, నంద్యాల మీదుగా గీశాను, మొత్తం 14 మైళ్లు పెరిగింది. నీబోర్డ్ మీద ఎర్ర పెన్నుతో 3000, 8 కిలోమీటర్లు అని రాసుకున్నాను, కృష్ణ దగ్గర అడ్డంగా ఒక గీత.

ఇంట్లో అమ్మకు ఇంకా చెప్పలేదు. నాన్నకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత లోన్ కాగితాలు తీసి పక్కన పెట్టేసి, "ఎన్నిసార్లు వెనక్కి రావాల్సి వస్తే అన్నిసార్లు రా" అన్నారు.

ఆత్మకూరు అన్నా, మీ నంబర్ మెసేజ్ చేస్తారా? వెళ్లే రోజు పొద్దున మీ ఇంట్లో ఎవరైనా మిద్దె ఎక్కి కొండ కనిపిస్తోందో లేదో చెప్తే చాలు.